నిద్రపుచ్చిన కెప్టెన్

ఆ కళ్ళజోళ్ళ దుకాణానికి మంగళవారం సెలవు. షట్టరు దించి తాళం వేసి ఉండేసరికి లోపల పిట్ట కూడా లేదనుకుంటారు దారినపోయేవాళ్ళు. కానీ మధ్యాహ్నమయ్యేసరికి వెనక గదిలో నలుగురు చేరి లోకాల్ని తలకిందులు చేస్తుంటారు.

దుకాణం నడిపే ఆవిడ మిగతా రోజుల్లో జనం కళ్ళు పరీక్ష చేసి, అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఆట దగ్గర మాత్రం అందరూ ఆమెని విధాత అంటారు, మిగతా ముగ్గురి తలరాతలూ రాసేది ఆమే కాబట్టి. ఆట చెప్పుకుంటే చిన్నదే. విధాత కథ మొదలుపెడుతుంది. ముగ్గురూ ఆ కథలో మూడు పాత్రలవుతారు. "తలుపవతల ఎవరో గోకుతున్నారు. తెరుస్తారా?" అని ఆమె అడుగుతుంది. వాళ్ళు తెరుస్తామనో పారిపోతామనో చెప్తారు. ఆ తర్వాత అయ్యేదీ కానిదీ పాచికలు తేలుస్తాయి. అదంతా రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడతారు. వినేవాళ్ళు వింటారు.

కథ మాత్రం చిన్నది కాదు. నక్షత్రాలు ఒక్కొక్కటే ఆరిపోతున్న కాలం. పీల్చే గాలి కూడా కంపెనీ సొత్తు. ఆ కంపెనీ కళ్ళుగప్పి 'దివిటీ' అనే తుప్పుపట్టిన సరకుల ఓడ చీకట్లో పారిపోతోంది. దాని కడుపు నిండా గాజుగొట్టాలు. వాటిలో మంచులాంటి నిద్రలో పడుకున్న మనుషులు. ఎక్కడో ఒకచోట ఇంకా వెలుతురు మిగిలే ఉంటుందని, అక్కడికి వాళ్ళని చేర్చాలని ఓడ నడిపే ముగ్గురి ఆశ. ఇలాంటి దిక్కుమాలిన చీకటి లోకాన్ని పుట్టించిన మనిషి పగలంతా జనానికి చూపు బాగుచేస్తుందంటే ఎవరూ నమ్మరు.

ఆ ముగ్గురిలో ఒకరు లిఫ్టు. అపార్టుమెంట్లలో ఆగిపోయిన లిఫ్టులు బాగుచేసే అమ్మాయి కనక ఆ పేరు. ఆటలో దొంగ. వైర్లంటే భయం లేదు కాబట్టి రికార్డింగు పని కూడా ఆమె నెత్తినే పడింది. గది గోడలకి బొంతలు వేలాడదీసింది, మాట ప్రతిధ్వనించకుండా. అద్దాలు అరగదీసే మిషను మీద తువ్వాలు కప్పింది. కళ్ళు పరీక్షించే కుర్చీకి దీపముండే ఇనప చెయ్యి ఒకటుంది కదా, దానికి మైకు కట్టింది. రికార్డింగు మొదలవగానే ఫ్యాను ఆపేస్తుంది. ఇక అందరూ చెమటలో ఈదాల్సిందే.

రెండోవాడు మాత్ర. మందుల షాపులో ఫార్మసిస్టు, ఆటలో ఓడ డాక్టరు. బయట ఎంతమందికి నయం చేశాడో గానీ, ఆటలో ఆయన చెయ్యిపడ్డ పేషెంటు బతికి బట్టకట్టిన దాఖలా లేదు. అంత గొప్పగా పడతాయి ఆయన పాచికలు.

మూడోవాడు బావ. విధాతకి అక్క మొగుడు. రైల్వే స్టేషన్లో అనౌన్సరు. గొంతు విప్పితే కంచు గంట మోగినట్టుండేది. రైలు తప్పిపోయినవాళ్ళు కూడా ఆ గొంతు వింటూ కాసేపు బెంచీ మీద కూర్చుండిపోయేవాళ్ళని అక్క వేళాకోళమాడేది. ఆటలో ఆయనే కెప్టెన్. ఆయన కాక ఇంకెవరవుతారు? కంపెనీ ఓడ ఎదురైతే తుపాకీ ఎత్తేముందు గొంతు సవరించుకుని మొదలుపెట్టేవాడు.

"ప్రయాణికులు దయచేసి వినండి. మీరెక్కిన ఓడ మరికొద్ది నిమిషాలలో పేలిపోవుటకు సిద్ధముగా ఉన్నది."

లిఫ్టు మైకు ఆపేసి నేలమీద దొర్లి దొర్లి నవ్వేది. వినేవాళ్ళకి ఆ మాట పిచ్చిగా నచ్చేసింది. ఎవరెవరో ఫోన్లలో రింగుటోనుగా కూడా పెట్టుకున్నారు.

విధాతకి బావంటే ఉన్న మాలిమి ఆటతో మొదలైంది కాదు. అక్క పెళ్ళినాటికి ఆమె స్కూలు పిల్ల. దయ్యాల కథలూ గ్రహాల కథలూ అల్లి చెప్పబోతే ఇంట్లో ఎవరికీ తీరిక ఉండేది కాదు. "నీ సోది ఆపి చదువుకో" అనేవాళ్ళు. కొత్త అల్లుడు మాత్రం దీపం తీసేసి, గోడకి జారగిలబడి, "ఊఁ, తర్వాత?" అనేవాడు. మొహమాటానికి అన్నాడనుకోవడానికి లేదు. మర్నాడు పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, "ఆ మూడో గ్రహం పిల్ల ఏమైందే?" అని అడిగేవాడు. ఆ 'తర్వాత' అనే మాట వినడానికే ఆమె కథలు అల్లుతూ పెరిగింది.

అలాంటి బావ గొంతులో గడ్డ లేచింది.

ఆపరేషన్ చేసి తీసేశారు. భయపడాల్సిన గడ్డ కాదని తేలింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆ కోతలో గొంతు ఆడించే నరం ఒకటి దెబ్బతింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఓపిక పట్టాలి అన్నాడు డాక్టరు. కట్టు విప్పాక బావ నోరు తెరిస్తే తలుపు సందులోంచి గాలి దూరినట్టు ఒక చప్పుడు వచ్చింది. గాలి ఎక్కువ, మాట తక్కువ.

విధాత చూడ్డానికి వెళ్ళింది. బావ ఏదో అన్నాడు. ఆ చప్పుడు విని ఆమె గబగబా మాట అందుకుంది. ఇక అక్కడున్నంతసేపూ ఆమే మాట్లాడింది. దుకాణం గురించి, కొత్త ఫ్రేముల గురించి, ఎండల గురించి. ఆయన నోరు తెరవబోతే, "నువ్వు మాట్లాడకు బావా, గొంతుకి శ్రమ" అంది. తిరిగొస్తూ ఆటోలో కూర్చున్నాక గానీ తెలియలేదు, ఆయన్ని ఒక్క ముక్క కూడా చెప్పనివ్వలేదని. గొంతుకి శ్రమనా, వినడానికి తనకి ధైర్యం లేకనా? ఆ ప్రశ్నని అక్కడే ఆటోలో వదిలేసి దిగిపోయింది.

స్టేషన్లో బావని మైకు దగ్గర్నుంచి తీసి, జనం రైళ్ళలో మర్చిపోయిన సామాన్లు భద్రపరిచే గదికి మార్చారు. అనౌన్స్‌మెంట్లన్నీ ముందే రికార్డు చేసిన ఆడగొంతుకి అప్పగించారు. మంగళవారాలు బావ రావడం మానేశాడు. "మీరు కానివ్వండి" అని ఫోన్లో రెండు ముక్కలు టైపు చేసి పంపాడు, అంతే.

ముగ్గురూ కొన్నాళ్ళు చూశారు. కెప్టెన్ లేకుండా ఓడ నడపబోతే చప్పగా ఉంది. వినేవాళ్ళు "కెప్టెన్ ఏడి? కెప్టెన్ని ఏం చేశారు?" అని అడగడం మొదలుపెట్టారు.

"అన్నగారికి ఇప్పుడు ఆట మీద మనసుండదులే. బలవంతం చెయ్యకూడదు" అన్నాడు మాత్ర.

"అలాగని అర్ధాంతరంగా వదిలేస్తామా?" అంది లిఫ్టు. "ఏదో ఒకటి గౌరవంగా చెయ్యాలి."

ఆ గౌరవమేదో చేసే బాధ్యత విధాత మీద పడింది. ఆమె మనసు పెట్టి రాసింది. కంపెనీ వాళ్ళ దాడిలో నిద్రపోయేవాళ్ళ గదికి మంటలంటుకున్నాయి. కెప్టెన్ ఒక్కడే లోపలికి దూకి మంటలార్పాడు. ఒళ్ళంతా కాలిపోయింది. డాక్టరు చేసేదేమీ లేక ఆయన్నీ గాజుగొట్టంలో పడుకోబెట్టాడు. మూత పడుతుంటే కెప్టెన్ కళ్ళతోనే సెలవు తీసుకున్నాడు. ఆ ముక్క విధాత చదువుతుంటే మాత్ర వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ వెక్కిళ్ళని లిఫ్టు కత్తిరించకుండా ఉంచేసింది. తన కథల్లో ఇంత మంచిది లేదనుకుంది విధాత. బావ వింటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడనుకుంది. ఎపిసోడు బయటికి వెళ్ళిపోయింది.

రెండ్రోజులకి అక్క వచ్చింది.

అక్క డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది. రోజూ పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు వేసి ఊరందరి మీదా అరిచే మనిషి. ఆవిడకి మెల్లిగా మాట్లాడ్డం చేతకాదు. దుకాణంలో ఒక పెద్దాయన కళ్ళు పరీక్షించే మిషను మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు, విధాత కటకాలు మారుస్తోంది. నెత్తిమీద స్కూలు బోర్డుతో కారు బయట ఆగడమూ, అక్క లోపలికి రావడమూ ఒక్కసారే జరిగాయి.

"ఏమే, ఏం చేశావే మీ బావని?"

"నేనేం చేశానే?"

"ఆ ఎపిసోడేదో విన్నాడు. అప్పట్నుంచి మనిషి మనిషిలో లేడు. కంచం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. ఇంట్లో ఇటు గోడ నుంచి అటు గోడకి తిరుగుతున్నాడు. ఏమైందంటే చెప్పడు. చెప్పినా వినబడదనుకో, అది వేరే సంగతి."

"బాధపడ్డాడా?" విధాత తెల్లబోయింది. "అదేంటక్కా, ఎంత చక్కగా సాగనంపామో! మాత్ర అయితే..."

"సాగనంపడానికి నువ్వెవరే? వెళ్ళొస్తానని ఆయన చెప్పాడా నీతో?"

పెద్దాయన గడ్డం కదపకుండా, "అమ్మా, నన్ను తల తియ్యమంటారా, ఉంచమంటారా?" అనడిగాడు.

"ఉంచండి" అన్నారు అక్కచెల్లెళ్ళిద్దరూ.

మంగళవారం వచ్చింది. ముగ్గురూ మామూలుగానే కూర్చున్నారు గానీ ఎవరికీ మొదలుపెట్టే ఉత్సాహం లేదు. లిఫ్టు అప్పుడే ఫ్యాను ఆపింది. వెనక తలుపు తోసుకుని బావ వచ్చాడు. చిక్కాడు. మెడ దగ్గర కోత గీత ఇంకా ఎర్రగా ఉంది. మాత్ర లేచి నిలబడి కుర్చీ చూపించాడు. బావ కూర్చోలేదు. నేరుగా విధాత ఎదుటికొచ్చి నిలబడ్డాడు.

"ఎవర్నడిగి పడుకోబెట్టావు?"

అరవాలనుకున్న మాటే. బయటికి మాత్రం ఊపిరిలా వచ్చింది. కోపం ఉన్న మనిషికి చప్పుడు లేకపోవడం ఎంత కష్టమో ఆయన మెడ నరాలు చెప్పాయి.

"బావా, నీకు ఇబ్బందవుతుందని..."

"నన్నడిగావా?"

"నువ్వే కదా రావడం మానేశావు. మీరు కానివ్వండి అన్నావు."

"కానివ్వమన్నాను. కాల్చమన్నానా?"

లిఫ్టుకి నవ్వొచ్చింది. ఇలాంటప్పుడు నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. బావ ఊపిరి కూడదీసుకున్నాడు. ఆ తర్వాతి మాట ముక్కముక్కకీ ఆగుతూ వచ్చింది.

"గొంతు పోయింది నాకు. కెప్టెన్‌కి కాదు."

ఫ్యాను ఆపిన ఆ గదిలో పక్క దుకాణం ఫ్రిజ్ గురగురమనడం కూడా వినబడింది.

స్టేషన్లో గది మార్చారు. ఇంటికొచ్చినవాళ్ళు నువ్వు మాట్లాడకు, నువ్వు మాట్లాడకు అన్నారు. డాక్టరు ఓపిక పట్టమన్నాడు. ఇన్నిచోట్ల ఇన్ని పోగా, ఆ చీకటి ఓడలో ఒక మనిషి ఇంకా గంట మోగినట్టు మాట్లాడుతూనే ఉన్నాడని ఆయన లోపల్లోపల అనుకుంటూ ఉండాలి. ఆ మనిషి నోటికి తనే మూత వేసిందని విధాతకి అప్పుడు తట్టింది. ప్రేమగా, చక్కటి వాక్యాలతో వేసింది. "తప్పయింది బావా" అని కాళ్ళమీద పడదామనిపించింది. అలా పడితే ఆయన్ని మళ్ళీ పేషెంటుని చేసినట్టే అవుతుందని కూడా అనిపించింది. ఏం చెయ్యాలో తోచక ఆమె విధాతలాగే మాట్లాడింది.

"సరే, లేపుతాను. కానీ ఊరికే లేపను. ఎపిసోడు జనంలోకి పోయింది. పోయినదాన్ని వెనక్కి తీసుకోవడం నా ఆటలో ఉండదు. లేవాలంటే పాచిక వెయ్యి. ఒళ్ళంతా కాలినవాడివి, ఇరవై ముఖాల పాచిక మీద పద్ధెనిమిదికి తగ్గకుండా పడాలి. తక్కువ పడితే ప్రాణం పోదు గానీ మూల్యం చెల్లించాలి."

"పద్ధెనిమిదా!" అన్నాడు మాత్ర. "మరీ అన్యాయం విధాతా. అన్నగారు ఇన్నాళ్ళకి వస్తే..."

బావ ముఖంలో మాత్రం ఏదో వెలిగింది. ఇన్ని నెలల్లో ఆయనతో ఇలా కరుకుగా మాట్లాడినవాళ్ళు లేరు. కుర్చీ లాక్కుని కూర్చుని చెయ్యి చాచాడు. లిఫ్టు రికార్డింగు నొక్కి పాచిక ఆ చేతిలో పెట్టింది.

పాచిక బల్లమీద దొర్లి, పాత ఫ్రేముల పెట్టెకి తగిలి, ఆగింది. పదకొండు.

మూల్యం ఏమిటో చెప్పాలి. మాత్ర ఆమెకేసి బెదురుగా చూశాడు. ఆ బెదురెందుకో ఆమెకి తెలుసు. కథలు చెప్పేవాళ్ళకి చేతికందే మూల్యం ఒకటుంది: నిద్రలో మంచు గొంతులోకి దిగింది, కెప్టెన్ లేచాడు గానీ మాట పోయింది. ఎంత చక్కగా అతుకుతుంది! విన్నవాళ్ళు ఆహా అంటారు. విధాత దాన్ని అవతల పారేసింది.

"గాజుమూత పగిలింది. కెప్టెన్ లేచి కూర్చున్నాడు. ఎడమ కాలు మోకాలి కిందనుంచి మంచుకి చచ్చుబడిపోయింది. ఇక కుంటుతూ నడవాలి."

"పోనీలే" అని బావ గొణిగాడు. "ఓడలో మెట్లు తక్కువే."

అంతలో అక్క లోపలికొచ్చింది. బావని దింపి బయట కారులో కూర్చోలేక వచ్చిందో, ఏమవుతోందోనని చెవి తలుపుకి ఆనించి ఉండి వచ్చిందో తెలీదు. వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. కథ నడుస్తోంది. కంపెనీ తనిఖీ ఓడ ఒకటి చీకట్లోంచి తేలి దివిటీ మీదికి వస్తోంది. అందరూ ఒకేసారి మాట్లాడ్డం ఆ బల్ల దగ్గర అలవాటు. ఆ గోలలో బావ మాటలు మునిగిపోతున్నాయి. ఆయన రెండుసార్లు ఏదో చెప్పాడు, ఎవరికీ అందలేదు. అక్క ఊరుకోలేక చెవి ఆయన నోటి దగ్గర పెట్టి, తల ఊపి, మైకుకేసి తిరిగింది.

"లొంగేది లేదంటున్నారు కెప్టెన్ గారు!"

బొంతలు కదిలాయి. లిఫ్టు ఠక్కున హెడ్‌ఫోన్లు తీసి చెవులు రుద్దుకుంది. "వదినా, మైకుకి కొంచెం ఎడంగా!"

బావ మళ్ళీ ఏదో చెప్పాడు. అక్క మళ్ళీ తిరిగింది.

"ఫిరంగులు సిద్ధం చెయ్యమంటున్నారు. అంటే... ముందు వాళ్ళకేం కావాలో ఒక మాట అడిగి, ఆ తర్వాత సిద్ధం చెయ్యమంటున్నారు."

"అనలేదు" అన్నాడు బావ. మైకుకి ఆ గాలిమాట అందింది.

"అనకపోతే అనాలి కదండీ! ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద ఫిరంగులేంటి? లోపల పడుకున్న పిల్లాపాపల్ని చూసుకోవద్దూ?"

"వాళ్ళు కంపెనీవాళ్ళు వదినా" అన్నాడు మాత్ర. "గాలి ఆపేసి జనాన్ని చంపుతారు."

"అవునా? అయితే కాల్చెయ్యండి" అంది అక్క.

నవ్వులు సద్దుమణిగేదాకా లిఫ్టు రికార్డింగు ఆపాల్సి వచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ గదిలో అంత నవ్వు. బావ కూడా నవ్వాడు. కానీ మళ్ళీ మొదలుపెట్టేసరికి ఆయన చెయ్యి అక్క భుజం మీద వేసి మెల్లిగా వెనక్కి జరిపాడు. మైకున్న ఇనప చేతిని తన నోటి దగ్గరికి లాక్కున్నాడు. ఒక్క క్షణం దాన్నలా చూశాడు, ఎప్పుడో తెలిసున్న మనిషిని గుర్తుపట్టాలా వద్దా అన్నట్టు.

"దీపాలార్పండి" అన్నాడు. "యంత్రాలాపండి. ఎవరూ కదలొద్దు."

గాలి ఎక్కువ, మాట తక్కువ. చివరి ముక్క సగంలో తెగిపోయింది. బావ కళ్ళు దించేసుకున్నాడు. విధాత ఏదో ఒకటి అనాలని నోరు తెరిచింది. ఈసారి కూడా తనే మాట్లాడేసి ఆ ఖాళీ నింపేస్తుందని ఆమెకే భయమేసి ఆగిపోయింది.

అప్పుడు లిఫ్టు రెండు చెవులూ మూసుకుంది.

"అబ్బబ్బ!" అంది, ఆటలో దొంగ గొంతుతో. "చెవులు గింగుర్లెత్తిపోయాయి కెప్టెన్! నేను పక్కనే ఉన్నాగా, అంత గట్టిగా అరవాలా?"

బావ తలెత్తాడు. వెక్కిరిస్తోందా అని చూశాడు. లిఫ్టు ముఖంలో వెక్కిరింత లేదు. నిజంగానే చెవులు నొప్పెట్టినదానిలా మొహం చిట్లించుకుని ఉంది. మాత్రకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

"నా చేతిలో కత్తి జారి కిందపడింది" అన్నాడు తడబడుతూ. "ఆ కేకకి. ఇదుగో, వంగి తీసుకుంటున్నాను."

ఇక మిగిలింది విధాత. ఆమె కథ అందుకుంది.

"కెప్టెన్ కేక ఓడ ఈ కొస నుంచి ఆ కొస దాకా మోగింది. తుప్పు రాలింది. గాజుగొట్టాల్లో నిద్రపోతున్నవాళ్ళ రెప్పలు అదిరాయి. ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. తర్వాత?"

బావ ఆమెకేసి చూశాడు. వెన్ను నిటారుగా పెట్టాడు. చెప్పడం మొదలుపెట్టాడు. మాట తెగినచోట ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకున్నాడు. తొందర పెట్టినవాళ్ళు లేరు. ఒకరి మాట మీద ఒకరు పడే ఆ ముగ్గురూ, ఆయన పెదవులు కదిలితే చాలు, నోళ్ళు మూసుకుని ముందుకి వంగారు. అక్క చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ చప్పుడు కూడా మైకులో పడింది. తనిఖీ ఓడ చీకట్లో దివిటీని కానలేక పక్కనుంచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మాత్ర పాచిక కూడా మొదటిసారి మంచిది పడింది గానీ, అప్పటికి ఆయన చేతిలో పేషెంటు ఎవరూ లేరు.

ఆ రికార్డింగుతో లిఫ్టు నానా అవస్థలు పడింది. బావ మాట వినబడాలని చప్పుడు పెంచితే కుర్చీల కిర్రుమనడాలు, గడియారం టిక్కుటిక్కులు, మాత్ర గుటకలు అన్నీ పైకొచ్చాయి. "మొదట్లో ఒక మాట చెబుదామా? కెప్టెన్ గొంతుకి ఆపరేషన్ అయిందని?" అని ఆమె విధాతని అడిగింది. విధాత ఈసారి బావకి ఫోన్ చేసి అడిగింది. అవతల్నుంచి కాసేపు గాలి వినిపించి, ఆ తర్వాత జవాబొచ్చింది.

"ఎవరి గొంతుకి? కెప్టెన్‌కేమైంది?"

ఏమీ చెప్పకుండానే పెట్టేశారు. కొందరు ఒక్క ముక్క వినబడలేదని తిట్టి మానేశారు. కొందరు చెవులు రిక్కించి విన్నారు. కెప్టెన్ అరిచినప్పుడు ఒళ్ళు జలదరించిందని రాసినవాళ్ళూ ఉన్నారు. ఎక్కువమంది అడిగింది మాత్రం వేరే సంగతి. పక్కన కేకలేసే ఆవిడెవరు? ఆవిణ్ణి ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దు.

బావ గొంతు తర్వాత కొంత వచ్చింది. ఇదివరకటి కంచు గంట కాదు, బొంగురుగా, అడుగంటిన కుండలో గరిటె తిప్పినట్టు. అలిసిపోతే అదీ ఉండదు. మైకు ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. "సామాన్ల గదిలో ఎక్కువ గొడుగులే మరదలా. గొడుగులతో మాట్లాడక్కర్లేదుగా" అంటాడు. ఇలా నవ్వుతూనే అంటాడు గానీ, ప్లాట్‌ఫారం మీద ఆ ఆడగొంతు ఊరి పేరు తప్పుగా పలికితే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాడని అక్క చెప్పింది. కొన్ని మంగళవారాలు రాడు. ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. ఆరోజు కెప్టెన్ తన గదిలో కాలు చాపుకుని పడుకుని ఉంటాడు, అంతే. ఎవరూ గాజుగొట్టాల జోలికి పోరు.

అక్కకి కూడా ఒక పాత్ర ఇవ్వక తప్పలేదు. ఓడలో వంటమనిషి వేషమో నర్సు వేషమో ఇస్తానంది విధాత. అక్క ఒప్పుకోలేదు. పట్టుబట్టి కంపెనీ తనిఖీ అధికారి వేషం తీసుకుంది. మొగుడి ఓడ మీదికే తనిఖీకి ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే దొంగని పక్కకి నెట్టి, డాక్టరుని ఒక మూల నిలబెట్టి, కెప్టెన్ ఎదుట చెయ్యి చాచింది.

"లైసెన్సు ఏదీ?"

"ఏ లైసెన్సు?" అన్నాడు బావ, బొంగురుగా.

"ఓడ నడిపే లైసెన్సండీ! ఇంత ఓడ వేసుకుని, ఇంతమందిని ఎక్కించుకుని, దీపాల్లేకుండా తిరుగుతున్నారే! అద్దాలు సరిచూసుకున్నారా? పక్కకి తిరిగేటప్పుడు సిగ్నల్ ఇస్తున్నారా?"

బావకి నవ్వొచ్చింది. ఆయన నవ్వుకి ఇప్పుడు చప్పుడు ఉండదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, బల్ల పట్టుకుని ఊగిపోతున్నాడు. కానీ రికార్డింగులో అంతా నిశ్శబ్దం. ఏదో ఒకటి చెప్పమని లిఫ్టు హెడ్‌ఫోన్ల కిందనుంచి విధాతకి సైగ చేసింది.

విధాత మైకు దగ్గరికి వంగింది.

"కెప్టెన్ నవ్వుతున్నాడు" అని వినేవాళ్ళకి చెప్పింది. కాసేపాగి చూసింది. "ఇంకా నవ్వుతూనే ఉన్నాడు."

"నవ్వితే జరిమానా తగ్గదు" అంది అక్క.